గొప్ప ఆటగాడని తేల్చేదెవరు? ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపికలు, తెలుగు నేల అనుభవం

ఒక ఆటలో ఎన్నదగినవాళ్ల పేర్లను కలకాలం నిలిపి ఉంచే చోటును హాల్ ఆఫ్ ఫేమ్ అంటారు. కొన్ని దేశాల్లో అది పెద్ద మ్యూజియం, కొన్నిచోట్ల ఏటా పెరిగే జాబితా. సీజన్ చివర ఇచ్చే ఉత్తమ ఆటగాడి బహుమతి ఆ ఒక్క ఏడాది ఆటను చూస్తుంది. హాల్ ఆఫ్ ఫేమ్ మాత్రం ఆట చాలించాక మొత్తం క్రీడాజీవితాన్ని తూకం వేస్తుంది. అందుకే ఈ ఎంపికలపై వాదాలు ఎక్కువ. అవి ఎన్ని రకాలుగా సాగినా మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. ఎవరి పేరు పరిశీలనకు వస్తుంది? ఏ కొలతతో కొలుస్తారు? తీర్పు ఎవరిది? మూడింటిలో జనం ఎక్కువగా మాట్లాడుకునేది చివరిదాని గురించే. అసలు నష్టం ఎక్కువగా జరిగేది మాత్రం మొదటిదాని దగ్గర. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర దీనికి బలమైన ఉదాహరణ.

రెండు ఫుట్‌బాళ్లు, రెండు సంప్రదాయాలు

ఫుట్‌బాల్ అనే పేరు అమెరికాలో ఒక ఆటకు, మిగతా ప్రపంచంలో మరో ఆటకు ఉంది. కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌కు ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. నేటి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు మూలమైన లీగ్ 1920లో ఆ ఊళ్లోనే, ఒక కార్ల షోరూంలో కూర్చున్న జట్ల యజమానుల సమావేశంలో పుట్టింది. ఆ ఊరికే దక్కిన మందిరం 1963లో 17 మంది తొలి సభ్యులతో తెరుచుకుంది.

మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కు ఇంగ్లండ్‌లోని జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియం 2002లో హాల్ ఆఫ్ ఫేమ్‌ను మొదలుపెట్టింది. ఆ మ్యూజియం అప్పట్లో ప్రెస్టన్‌లో ఉండేది, 2012లో మాంచెస్టర్‌కు మారింది. స్కాట్లాండ్‌లో ఇలాంటిది 2004లో వచ్చింది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2021లో అలన్ షియరర్, థియరీ ఆన్రీ పేర్లతో తన సొంత జాబితాను ఆరంభించింది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య 60 ఏళ్లు నిండిన సందర్భంగా 2014లో ప్రకటించిన తొలి జాబితాలో మన దేశం నుంచి బైచుంగ్ భూటియా పేరు ఉంది. భారతదేశంలో ఈ పనిని చాలావరకు జాతీయ క్రీడా పురస్కారాలు, పద్మ పురస్కారాలు, కోల్‌కతా పెద్ద క్లబ్బులు ఇచ్చే సత్కారాలు చేస్తూ వచ్చాయి. వాటి నియమాలు వేరైనా, వాటిపై జరిగే చర్చలు కాంటన్‌లోనో మాంచెస్టర్‌లోనో జరిగేవాటికి దగ్గరగానే ఉంటాయి.

అర్హత: ఎంతకాలం ఆగాలి?

కాంటన్‌లో ఆటగాడు ఆట మానేసి ఐదేళ్లు గడవాలి. అప్పటికి అభిమానుల ఆవేశం తగ్గి, ఆటను నిదానంగా చూడగలుగుతారన్నది ఆ నియమంలోని ఆలోచన. ఇంగ్లండ్ మ్యూజియం ఆట మానేయాలని పట్టుబట్టలేదు. 30 ఏళ్లు నిండి, ఇంగ్లండ్‌లో కనీసం ఐదేళ్లు ఆడినవాళ్లనో జట్లను నడిపినవాళ్లనో పరిశీలించింది. ప్రీమియర్ లీగ్ ఆట మానేసినవాళ్లనే తీసుకుంటుంది. 250 మ్యాచ్‌లు ఆడి ఉండాలని, లేదంటే గోల్డెన్ బూట్ లాంటి ప్రత్యేక ఘనత సాధించి ఉండాలని తర్వాతి కాలంలో షరతు చేర్చింది.

మన అర్జున పురస్కారం తీరు వేరు. 1961లో మొదలైన ఈ పురస్కారం గత నాలుగేళ్ల నిలకడైన ఆటను ప్రధానంగా చూస్తుంది. అంటే ఆటలో ఉండగానే రావాలి. ఆ నాలుగేళ్ల గవాక్షం మూసుకుపోతే తర్వాత తలుపు తట్టడం కష్టం. జీవితకాల కృషికి ధ్యాన్‌చంద్ పురస్కారాన్ని 2002లో ప్రారంభించారు. అంతకుముందే ఆట చాలించిన తరాలు నలభై ఏళ్లకు పైగా ఆ అవకాశం లేకుండానే గడిపాయి. ధ్యాన్‌చంద్ పురస్కారాన్ని ఆపి, దాని స్థానంలో 2024 నుంచి జీవితకాల అర్జునను ఇస్తున్నారు.

ప్రతిపాదన: పేరు ఎవరు పంపాలి?

కాంటన్‌లో ఏ అభిమాని అయినా అర్హత ఉన్న ఆటగాడి పేరు రాసి పంపవచ్చు. అలా వచ్చిన పొడవాటి జాబితాను ఎంపిక సంఘం దశలవారీగా వడపోస్తుంది. పద్మ పురస్కారాలకు కూడా ఎవరైనా ఎవరి పేరైనా ప్రతిపాదించవచ్చు, సొంత పేరు కూడా పంపుకోవచ్చు. కేబినెట్ కార్యదర్శి అధ్యక్షుడిగా ప్రధాని ఏటా నియమించే కమిటీ ఆ పేర్లను పరిశీలిస్తుంది. ఫలితాలు గణతంత్ర దినోత్సవ సందర్భంగా వెలువడతాయి.

జాతీయ క్రీడా పురస్కారాల్లో మాత్రం చాలాకాలం క్రీడా సమాఖ్యల ప్రతిపాదనే కీలకంగా ఉండేది. సమాఖ్య కార్యాలయంలో పలుకుబడి ఉన్న రాష్ట్రం ఆటగాడికీ, లేని రాష్ట్రం ఆటగాడికీ మధ్య దూరం అక్కడే ఏర్పడేది. ఇటీవలి సంవత్సరాల్లో క్రీడాకారులు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. ఇది మంచి మార్పే, అయినా దీనికి దీని ఇబ్బంది ఉంది. పారిస్ ఒలింపిక్స్‌లో రెండు పతకాలు గెలిచిన షూటర్ మను భాకర్ పేరు 2024 చివర్లో ఖేల్‌రత్న సిఫారసుల్లో కనిపించలేదని పెద్ద దుమారం రేగింది. ప్రతిపాదన పంపడంలో తన వైపే పొరపాటు జరిగి ఉండవచ్చని ఆమె చెప్పారు. చివరికి 2025 జనవరిలో ఆమెకు ఆ పురస్కారం దక్కింది. దేశమంతా చూసిన రెండు పతకాలకే కాగితం ఇంత ముఖ్యమైతే, అరవై ఏళ్ల కిందట ఆడిన డిఫెండర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గది లోపలి చర్చ

కాంటన్ ఎంపిక సంఘంలో దాదాపు 50 మంది ఉంటారు. చాలావరకు జట్లున్న నగరాల నుంచి వచ్చే క్రీడా విలేకరులు. తుది జాబితాలోని ప్రతి ఆటగాడి తరఫున ఒక సభ్యుడు లేచి వాదన వినిపిస్తాడు. సాధారణంగా ఆ ఆటగాడు ఆడిన నగరం విలేకరికే ఆ బాధ్యత. ఆ తర్వాత చర్చ. 2021లో పేటన్ మ్యానింగ్ పేరు వచ్చినప్పుడు చర్చ 13 సెకన్లలో ముగిసింది. ఎదురు చెప్పడానికి ఎవరికీ ఏమీ లేకపోయింది.

టెరెల్ ఓవెన్స్ సంగతి అలా జరగలేదు. ఆయన ఆట ముగించేనాటికి బంతి అందుకుని సాధించిన గజాల లెక్కలో చరిత్రలోనే రెండో స్థానంలో ఉన్నాడు. అయినా జట్లలో చీలికలు తెచ్చాడన్న పేరు వల్ల 2016లో, 2017లో ఓట్లు చాలలేదు. 2018లో ఎంపికైనా కాంటన్ ఉత్సవానికి వెళ్లకుండా, తాను చదివిన చట్టనూగా విశ్వవిద్యాలయంలో వేరే సభ పెట్టుకున్నాడు. మైదానం బయటి ప్రవర్తనను లెక్కలోకి తీసుకోకూడదని సంఘం నియమాలు చెబుతాయి. 1985లో ప్రవేశించిన ఓ.జె. సింప్సన్ పేరు ఆ తర్వాతి క్రిమినల్ కేసుల తర్వాత కూడా తొలగించకపోవడానికి ఆ నియమమే ఆధారం. ఓవెన్స్ విషయంలో చర్చంతా డ్రెస్సింగ్ గది ఆటలో భాగమా, బయటిదా అన్న దగ్గర ఆగింది. మన దగ్గర అర్జున నియమాలు నాయకత్వం, క్రీడాస్ఫూర్తి, క్రమశిక్షణలను కూడా నేరుగా కొలతల్లో చేర్చాయి.

గెలవడానికి 80 శాతం ఓట్లు కావాలి. 2025 నుంచి ఓటింగ్‌ను ఇంకా కఠినం చేశారు. ఇటీవలి ఆటగాళ్ల తుది జాబితా 15 నుంచి 10కి, 10 నుంచి 7కి తగ్గుతుంది. ఆ ఏడుగురిలో ఐదుగురికి మాత్రమే ఓటు వేయాలి. ఆ ఏడాది మొత్తం నలుగురే లోపలికి వెళ్లారు. తలుపు ఇంత ఇరుకైతే మందిరానికి గౌరవం పెరుగుతుందని కొందరు, అర్హులు ఏళ్ల తరబడి వరుసలోనే ఉండిపోతారని మరికొందరు వాదించారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే దీనికి తుది సమాధానం ఉండదు. ఏ నియమం పెట్టినా దానివల్ల ఎవరు నష్టపోతున్నారో గమనిస్తూ ఉండాల్సిందే.

జనం ఓటు, నిపుణుల ఓటు

తీర్పు జనానికి వదిలితే ఏమవుతుందో 2000 సంవత్సరంలో ఫిఫా చూసింది. శతాబ్దపు ఆటగాడి కోసం ఇంటర్నెట్‌లో ఓటు పెడితే మారడోనాకు 53 శాతానికి పైగా వచ్చాయి, పీలేకు 18 శాతం దాటాయి. ఫిఫా పత్రిక పాఠకులు, నిపుణుల సంఘం కలిసి ఓటు వేస్తే పీలే 72 శాతానికి పైగా ఓట్లతో ముందు నిలిచాడు. చివరికి రోమ్‌లో ఇద్దరికీ గౌరవం ఇచ్చారు. ఇంటర్నెట్ వాడేవాళ్లలో ఎక్కువమంది కుర్రవాళ్లు, వాళ్లు కళ్లారా చూసింది మారడోనాను. పీలే ఉచ్ఛస్థితి అప్పటికి ముప్పై ఏళ్ల కిందటి మాట. జనం ఓటులో జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుందో ఆ అంకెలు చూపించాయి.

ప్రీమియర్ లీగ్ మధ్యేమార్గం ఎంచుకుంది. ముందుగా నిపుణులు తయారుచేసిన జాబితా ఇచ్చి, అందులోంచి అభిమానుల చేత ఓటు వేయించి, ఆ ఓట్లను నిపుణుల సంఘం అభిప్రాయంతో కలిపింది. 2021లో 23 మంది జాబితా నుంచి కాంటోనా, రాయ్ కీన్, లాంపార్డ్, బెర్క్‌క్యాంప్, జెరార్డ్, బెక్‌హామ్ అలా వచ్చారు. ఈ పద్ధతి ఇటీవలి ఆటగాళ్లకు బాగా పనిచేస్తుంది. టీవీ కెమెరాలు రాకముందు ఆడినవాళ్లకు పనికిరాదు. చూడని ఆటకు ఎవరూ ఓటు వేయలేరు.

హైదరాబాద్: టీవీకి ముందు తరం

తెలుగు నేలపై ఈ ప్రశ్నంతా ఆ టీవీకి ముందు తరం గురించే. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58లలో గెలుచుకుంది. 1965–66లో ఆ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరు మీద వచ్చింది.

రహీం పనితనం ఎక్కడుందో దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. కుర్రవాళ్లకు ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవాడు. బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ నిలబడకూడదు, వచ్చిన వెంటనే పాస్ ఇవ్వాలి. ఇంకో పోటీలో అలవాటైన కాలితో తన్నకూడదు. కుడికాలివాటం కుర్రాడు ఎడమకాలితోనే ఆడాలి. ఆ మైదానాల నుంచి వచ్చినవాళ్లు రెండు కాళ్లతోనూ ఆడగలిగారు, తలెత్తి చూస్తూ పాస్ ఇవ్వగలిగారు. ఈ పాఠం ఏ స్కోరుకార్డులోనూ పడదు.

జాతీయ జట్టు శిక్షకుడిగా రహీం 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించాడు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిన జట్టును నాలుగేళ్లలో నిలబెట్టాడు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిన భారత్ సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్ లాంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1తో గెలిచేనాటికి రహీం క్యాన్సర్‌తో ఉన్నాడు. గ్యాలరీలు భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తాయి. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ ముందు వరుసలో ఆడి గోల్ కొట్టాడు, గోల్‌లో తంగరాజ్ నిలిచాడు. తర్వాతి ఏడాది జూన్ 11న రహీం కన్నుమూశాడు.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం మొదలైంది 1985లో, అంటే రహీం పోయిన 22 ఏళ్లకు. ఆయన గురించి ఆలోచించడానికి ఆయన బతికున్నప్పుడు అలాంటి వ్యవస్థే లేదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇప్పుడు ఉత్తమ శిక్షకుడికి ఇచ్చే పురస్కారానికి ఆయన పేరు పెట్టింది. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా కొత్త తరానికి ఆయనను పరిచయం చేసింది. అరవై ఏళ్ల తర్వాత ఒక సినిమా వల్ల పేరు తెలియడం సంతోషించదగ్గదే. కానీ ఆ పని సినిమా వచ్చేదాకా ఆగడం క్రీడా వ్యవస్థకు లోటే.

ముగ్గురు సహచరులు, మూడు లెక్కలు

హైదరాబాద్ ఆటగాళ్లలో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, హబీబ్‌లకు అర్జున దక్కింది. యూసుఫ్ ఖాన్‌కు 1966లో, తంగరాజ్‌కు 1967లో, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చిన జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్‌కు అదే ఏడాది వచ్చింది. నయీం తర్వాత శిక్షకుడిగా ద్రోణాచార్య కూడా అందుకున్నాడు. అదే బ్యాంకాక్ జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్‌కు అర్జున 1980లో వచ్చింది. ఈ మధ్యలో, 1977లో, పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన 2–2 మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున అతను గోల్ కూడా చేశాడు.

ఎంపికల అసమానత స్పష్టంగా కనిపించేది బలరాం విషయంలో. 1960 నాటి భారత ముందు వరుసలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాంలను కలిపి త్రిమూర్తులని పిలిచేవారు. అర్జున వాళ్లకు వరుసగా వచ్చింది. పి.కె.కు 1961లో, బలరాంకు 1962లో, చునీకి 1963లో. అప్పటి ఎంపికదారులు ముగ్గురినీ ఒకే తక్కెడలో పెట్టారు. తర్వాత లెక్క మారింది. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసేదాకా బలరాంకు రాలేదు.

ఆట లెక్కల్లో ఈ తేడాకు కారణం దొరకదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టింది బలరామే. ఈస్ట్ బెంగాల్‌కు నాయకత్వం వహించాడు. ఊపిరితిత్తుల జబ్బుతో ముప్పై ఏళ్లు నిండకముందే ఆట ఆపాల్సి వచ్చింది. సహచరులిద్దరూ ఆ తర్వాత కూడా శిక్షణలోనో, ప్రజా జీవితంలోనో కళ్ల ముందు ఉన్నారు. బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టి, జీవితంలో ఎక్కువకాలం బెంగాల్‌లో గడిపాడు. ఒక రాష్ట్రం ఆయనను వలస వెళ్లినవాడిగా చూసింది, మరో రాష్ట్రం వచ్చినవాడిగా చూసింది. రెండు రాష్ట్రాలకు చెందినవాడి పేరు ఒక్కోసారి ఏ రాష్ట్రం ఫైలులోనూ పైకి రాదు. పద్మ పురస్కారాలు మామూలుగా మరణానంతరం ఇవ్వరు కనుక, ఆ తలుపు ఇప్పుడు దాదాపు మూసుకున్నట్టే.

మార్కుల పద్ధతి బలం, బలహీనత

పలుకుబడిని తగ్గించడానికి ఎంచుకున్న మార్గం మార్కులు. ఒలింపిక్స్, ప్రపంచ చాంపియన్‌షిప్‌లు, ఆసియా క్రీడల పతకాలకు ఇన్ని మార్కులని ముందే నిర్ణయిస్తే కమిటీ ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. 2015లో సానియా మీర్జాకు ఖేల్‌రత్న ప్రకటించినప్పుడు, లండన్ పారాలింపిక్స్‌లో రజతం గెలిచిన హైజంపర్ హెచ్.ఎన్. గిరీశ మార్కుల్లో తానే ముందున్నానంటూ కర్ణాటక హైకోర్టుకు వెళ్లాడు. కోర్టు నోటీసులు ఇచ్చింది. ఆగస్టు 29న సానియా పురస్కారం అందుకుంది. మార్కులుంటే వివాదం ఉండదన్న నమ్మకం అప్పుడు సడలింది. ఏ పోటీలకు మార్కులు వేయాలన్నది కూడా ఎవరో తీసుకున్న నిర్ణయమే.

ఫుట్‌బాల్‌కు ఈ కొలత మరీ కష్టం. 2024 సంవత్సరానికి అర్జున అందుకున్న విశాఖ హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ పరుగును సెకన్లలో చెప్పవచ్చు. వరంగల్ జిల్లాకు చెందిన పారా అథ్లెట్ జీవన్‌జీ దీప్తి పారిస్ కంచు పతకాన్ని చూపించవచ్చు. పదకొండు మందిలో ఒక స్టాపర్ ఎన్ని గోల్స్ పడకుండా ఆపాడో ఏ కాగితం చెబుతుంది? పైగా 1970 తర్వాత భారత పురుషుల జట్టు ఆసియా క్రీడల పతకం గెలవలేదు. పతకాల మార్కుల్లో ఫుట్‌బాల్ ఆటగాడు ఎప్పుడూ వెనకే ఉంటాడు. ఫుట్‌బాల్‌కు తొలి ఖేల్‌రత్న 2021లో, సునీల్ ఛెత్రీ రూపంలో వచ్చింది. అమెరికాలోనూ అంకెలు పట్టుకోలేని స్థానాలకు ఈ సమస్య ఉంది. బంతిని దూరంగా తన్నే పంటర్ పనికే పరిమితమైన ఆటగాడు కాంటన్‌లో అడుగుపెట్టడానికి 2014 దాకా పట్టింది. అతని పేరు రే గై.

ఆలస్యంగానైనా సరిదిద్దుకోవడం

మంచి వ్యవస్థ గుర్తు తప్పు చేయకపోవడం కాదు, తప్పును సరిదిద్దుకునే దారి ఉంచుకోవడం. ఆట మానేసి 25 ఏళ్లు దాటినవాళ్ల కోసం కాంటన్‌లో సీనియర్ల విభాగం ఉంది. వాళ్ల పేర్లను విడిగా, పాత ఆట తెలిసినవాళ్లు పరిశీలిస్తారు. కొత్త తారలతో వాళ్లు పోటీపడాల్సిన పని లేదు.

ఇంగ్లండ్ మ్యూజియం 2002 తొలి జాబితాలో మహిళా ఫుట్‌బాలర్ లిల్లీ పార్ పేరు చేర్చింది. మహిళల ఆటను తన మైదానాల నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1921లో వెలివేసింది, 1971 దాకా ఆ నిషేధం ఉంది. ఆమె గోల్స్ అధికారిక పుస్తకాల్లో పడే అవకాశమే లేదు. పత్రికల వార్తలు, సహచరుల మాటలు, జట్టు దాచుకున్న ఫొటోలే ఆధారం. మరుసటి ఏడాది ఆర్థర్ వార్టన్ పేరు చేరింది. ప్రపంచంలో తొలి నల్లజాతి వృత్తి ఫుట్‌బాలర్‌గా గుర్తింపు పొందిన ఈ గోల్‌కీపర్ 1930లో పేదరికంలో చనిపోయాడు. 1997 దాకా అతని సమాధికి రాయి కూడా లేదు.

మన దగ్గరా ఇలాంటి సవరణలు జరిగాయి. హైదరాబాద్‌కు చెందిన షబ్బీర్ అలీకి 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 1974లో ఆసియా యూత్ టైటిల్‌ను పంచుకున్న భారత జట్టుకు నాయకుడు అతనే. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ జట్టు సభ్యుడు, తర్వాత ఫిఫా రిఫరీ. ఆయనకు అదే పురస్కారం 2017లో దక్కింది. 2021లో ఆయన మరణించారు. రోమ్‌కూ పురస్కారానికీ మధ్య 57 ఏళ్లు. ఆ తరంలో అంతకాలం బతికినవాళ్లు కొందరే.

కాగితం ఎక్కడ మొదలవుతుంది?

ఈ చర్చలన్నిటికీ ముడిసరుకు రికార్డు. అది ఢిల్లీలోనో, కాంటన్‌లోనో పుట్టదు. చిన్న ఊళ్ల మైదానాల్లో పుడుతుంది, ఎక్కువసార్లు అక్కడే పోతుంది.

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ఇందుకు మంచి ఉదాహరణ. ఆత్మకూరు నుంచి నెల్లూరుకు దాదాపు 60 కిలోమీటర్లు. కొండకోట కింద ఉన్న ఉదయగిరి నుంచి దాదాపు 100. జిల్లా ఎంపికలకు రావాలంటే పిల్లవాడు తెల్లవారకముందే బస్సెక్కాలి. ఈ మెట్టలో పండుగ పోటీలంటే క్రికెట్, వాలీబాల్, కబడ్డీ ముందు గుర్తుకొస్తాయి. ఫుట్‌బాల్ హైస్కూలు మైదానాల్లోనే ఎక్కువ. అక్కడ పిల్లవాడి ఆటను మొదట గుర్తించేది పీఈటీ సారు. మండల, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో జట్టు పేర్లు రాసి పంపేదీ ఆయనే.

ఆ కాగితాన్ని దగ్గరగా చూస్తే రికార్డు ఎందుకు నిలవదో తెలుస్తుంది. పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఒకే తరగతిలో ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే పదేళ్లకు ఎవరు ఎవరో తేలదు. ఆడిన స్థానం రాయరు. గోల్స్ ఎవరు కొట్టారో రాయరు. కప్పు మీద జట్టు పేరే చెక్కుతారు. పాల్గొన్నట్టు ఇచ్చిన సర్టిఫికెట్ మాత్రం ఇంట్లో ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంటుంది, క్రీడల కోటాలో సీటుకో ఉద్యోగానికో అవసరం కనుక. ఆ అవసరం తీరాక దాన్ని ఎవరూ అడగరు. అదే బడిలో హెడ్మాస్టర్ గదిలో ఏటేటా పదో తరగతి మొదటి ర్యాంకు వచ్చినవాళ్ల పేర్లు రాసిన బోర్డు మాత్రం గోడ మీద నిలిచి ఉంటుంది. చదువులో మొదటివాణ్ణి గుర్తుపెట్టుకోవడానికి ఊరికి పద్ధతి ఉంది. ఆటలో మొదటివాడికి ఆ పక్కనే ఇంకో బోర్డు పెట్టడానికి అడ్డమేమీ లేదు.

మన మైదానాల పేర్లు కూడా ఇదే చెబుతాయి. నెల్లూరు స్టేడియానికి ఎ.సి. సుబ్బారెడ్డి పేరు, హైదరాబాద్ ఫతే మైదాన్‌కు లాల్ బహదూర్ పేరు, గచ్చిబౌలి స్టేడియానికి జి.ఎం.సి. బాలయోగి పేరు ఉన్నాయి. ప్రజాసేవకులను స్మరించుకోవడం తప్పు కాదు. మైదానంలో అడుగుపెట్టే పిల్లవాడికి, అక్కడ తనకు ముందు ఆడినవాళ్ల పేర్లు కూడా కనిపించాలి. యూసుఫ్ ఖాన్ పేరునే పాత పత్రికలు రెండు మూడు రకాల స్పెల్లింగులతో అచ్చువేశాయి. ఒలింపియన్ పేరే ఇలా చెదిరితే, జిల్లా జట్టుతో ఆగిపోయిన ఆటగాడి పేరు నిలిచేదెలా?

మంచి ఎంపికకు కావలసినవి

ఇన్ని దేశాల అనుభవాన్ని కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేలతాయి. ప్రతిపాదన అందరికీ తెరిచి ఉండాలి. దరఖాస్తు పంపుకోలేనివాళ్ల తరఫున ఎవరైనా పంపే వీలుండాలి. ఇటీవలి ఆటగాళ్లనూ పాతతరాన్నీ ఒకే వరుసలో నిలబెట్టకూడదు, సీనియర్లకు విడి విభాగం ఉండాలి. శిక్షకులు, రిఫరీలు, మహిళా క్రీడాకారులకు వేరుగా చోటు కావాలి. లేకపోతే గోల్స్ కొట్టినవాళ్లే మొత్తం స్థలాన్ని ఆక్రమిస్తారు. మార్కులు ఉండవచ్చు, అయితే గోల్‌కీపర్, డిఫెండర్ పనిని చెప్పే మాట కూడా సంఘం ముందుకు రావాలి. కాంటన్‌లో ప్రతి పేరుకూ ఒక వాదించే మనిషి ఉండటంలోని విలువ అదే. మరణించినవాళ్లకు తలుపు మూయకూడదు. నిర్ణయానికి కారణాలను రాతలో ఉంచాలి. ఓడిపోయిన పేరు మళ్లీ వచ్చినప్పుడు చర్చ మొదటి నుంచి మొదలుకాకూడదు.

జనం ఓటును పూర్తిగా పక్కన పెట్టనవసరం లేదు. జనం చూసిన తరానికి జనం, చూడని తరానికి రికార్డు తెలిసినవాళ్లు తీర్పు చెప్పడం మేలు. ఆంధ్రప్రదేశ్‌లోగానీ తెలంగాణలోగానీ అలాంటి మందిరం రేపు తలపెడితే మొదటి పని గోడలు కట్టడం కాదు. రహీం శిష్యుల కుటుంబాల దగ్గర, పాత పోలీస్ జట్టు ఆటగాళ్ల ఇళ్లలో, జిల్లా సంఘాల బీరువాల్లో మిగిలిన ఫొటోలు, జట్టు జాబితాలు, పత్రిక కత్తిరింపులు సేకరించాలి. 1956 జట్టును, 1962 జట్టును కళ్లారా చూసినవాళ్లలో మిగిలినవాళ్లు ఇప్పుడు బాగా పెద్ద వయసువాళ్లు. వాళ్ల మాటలను ఇప్పుడే రికార్డు చేయాలి. దానితోపాటే ఆత్మకూరు, ఉదయగిరి లాంటి ఊళ్ల బళ్లలో ఈ ఏడాది ఆడుతున్న పిల్లల పూర్తి పేరు, ఊరు, ఆడిన స్థానం, మ్యాచ్ ఫలితం ఒక రిజిస్టరులో పడాలి. ఇరవై ఏళ్ల తర్వాత కూర్చునే ఏ ఎంపిక సంఘమైనా ఆ రిజిస్టరులో ఉన్న పేర్లనే చర్చించగలదు.